పక్కగదికి వెళ్ళే పిల్ల

స్కూలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కాలర్లు కుడుతున్నాను. మిషన్ ఆపి లేచి నిలబడ్డాను. టీచర్లతో కూర్చుని మాట్లాడటం నాకు ఇప్పటికీ రాదు, ఫోన్లో అయినా సరే.

మా అమ్మాయి పిట్టని ఇకమీదట రోజూ కాసేపు పక్కగదికి పంపిస్తామని, అక్కడ అయిదారుగురు పిల్లలే ఉంటారని, దగ్గరుండి చూసుకోవడానికి ఒక మేడమ్ ఉంటారని, ముఖ్యంగా లెక్కల పీరియడ్‌లో ఆ అవసరం కనిపించిందని చెప్పారు. నాకేమైనా అభ్యంతరమా అని అడిగారు. అబ్బే, చాలా సంతోషం మేడమ్ అన్నాను. ఇంకేమైనా తెలుసుకోవాలా అని అడిగారు. ఏం లేదన్నాను. నేనెప్పుడూ ఏమీ అడగను. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయినదాన్ని, నోరు తెరిచి అడిగితే ఆ సంగతి బయటపడిపోతుందని భయం. మీటింగులకి వెళ్ళినా వాళ్ళు చెప్పినదానికల్లా తలూపి వచ్చేస్తాను. ఇంటికొచ్చాక ఏమన్నారని మా ఆయన అడిగితే, బాగానే చదువుతోందట అంటాను. వ్యాను తోలి తోలి అలిసిపోయి వచ్చిన మనిషి, ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయినట్టు పడుకుంటాడు.

నా చిన్నప్పుడు మా స్కూల్లో బాగా చదివే నలుగురైదుగుర్ని హెడ్మాస్టరు తన గదిలో కూర్చోబెట్టుకుని విడిగా పాఠం చెప్పేవాడు. వాళ్ళకి కుర్చీలు, పైన ఫ్యాను. మిగతావాళ్ళం కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్ళం. నేను ఏనాడూ ఆ గది గడప తొక్కలేదు. పిల్లల్ని విడిగా కూర్చోబెట్టడమంటే నాకు తెలిసింది అదొక్కటే. అందుకే ఫోన్ పెట్టేసి, తెగిన దారం మళ్ళీ సూదిలోకి ఎక్కించేలోపే మా పిట్ట ఫస్టు ర్యాంకు పిల్ల అయిపోయింది.

మాది స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న షాపు. గోడ వారగా మిషన్లు, మధ్యలో కటింగ్ బల్ల. బల్ల దగ్గర నిలబడే ఆవిడని అందరం కత్తెరక్క అంటాం. చేతిలో కత్తెర ఉండటం వల్లనో, నోరు కూడా అలాగే నడవడం వల్లనో చెప్పలేను. ఆవిడ కూతురు కూడా మా పిట్ట చదివే స్కూలే, ఒక తరగతి పైన. ఆ పిల్ల బహుమతుల గురించి విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి. ఇన్నాళ్ళకి నాకూ చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది.

చెప్పాను. ఒకసారి కాదు. మొదట కత్తెరక్కకి, తర్వాత గుండీలు కుట్టే ఆమెకి, తర్వాత బట్టల మూటలు దింపడానికి వచ్చిన ఆటో మనిషికి కూడా. చెప్పేకొద్దీ మాట సాగింది. స్కూలు మొత్తంలో అయిదుగుర్నే ఏరారని, లెక్కల్లో మా పిల్లని మించినవాళ్ళు లేరని అన్నాను. అందరికీ టీ ఇప్పిస్తానని కూడా అనేశాను.

సాయంత్రం పిట్ట స్కూలు నుంచి నేరుగా షాపుకి వస్తుంది, ఇద్దరం కలిసి ఇంటికెళతాం. ఆ రోజు గుమ్మంలో అడుగు పెట్టగానే గుండీలామె "రావమ్మా లెక్కల పంతులమ్మా" అంది. పిట్ట నా వైపు చూసింది. నేను గొప్పగా నవ్వాను. దాని మొహం తెల్లగా పాలిపోయింది. సిగ్గుపడుతోంది, పొగిడితే తట్టుకోలేని పిల్ల అని అందరికీ వినబడేలా అన్నాను. దారంతా అది తలెత్తలేదు. నేను మాత్రం నేల మీద నడవలేదు.

కొన్నాళ్ళకి కత్తెరక్క మధ్యాహ్నం సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళింది. ఇన్ని బహుమతులు తెచ్చిన తన కూతుర్ని వదిలేసి మా పిట్టని ఏరడం ఆవిడకి కొరుకుడు పడలేదు. తన పిల్లని కూడా ఆ గదిలో వేయమని నిలదీసి వస్తానని మాకు చెప్పే వెళ్ళింది.

మర్నాడు ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. అన్నాల వేళ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"అది ర్యాంకుల గది కాదే. భయంతో ఊపిరాడని పిల్లలు, ఊరికే ఏడుపొచ్చేసే పిల్లలు, అలాంటివాళ్ళు కాసేపు కూర్చునే గది. మీ పిల్లకి బోర్డు దగ్గరికి పిలిస్తే చేతులు వణుకుతాయట. నీకు ఫోన్ చేసి చెప్పామంటున్నారు మరి."

తెలుసు అక్కా అనబోయాను. ఆ అబద్ధం కూడా సరిగ్గా రాలేదు. ఇంకెవరికీ చెప్పనులే అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ వెక్కిరించి ఉంటే బాగుండేది. వెక్కిరించకుండా వెళ్ళిందంటే నా పరిస్థితి అంత జాలిగా ఉందన్నమాట అనుకున్నాను. ఆ పూట ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టీ పెట్టగానే పిట్టని నిలబెట్టి అడిగాను. ఎందుకు చెప్పలేదన్నాను. నలుగురిలో నా తల కొట్టేసినట్టయిందన్నాను. బోర్డు దగ్గర దాని చేతులు ఎందుకు వణుకుతాయని మాత్రం అడగలేదు.

"నేనెప్పుడైనా ర్యాంకు అన్నానా అమ్మా? నువ్వు అడిగావా అసలు?"

"ఇక ఆ గదికి వెళ్ళావంటే ఊరుకోను. నీకేం లోటు? తిండి లేదా, బట్ట లేదా? అందరు పిల్లల్లాగా క్లాసులో కూర్చో."

సరే అంది. ఎదురు చెప్పే పిల్ల కాదు. గదిలోకి వెళ్ళి పుస్తకం ముందు పెట్టుకుంది. నేను వంట చేస్తూ తొంగి చూస్తే పేజీ తిప్పడం లేదు. మా ఆయనకి నేనేమీ చెప్పలేదు. చెబితే, ఫోన్లో అంత వివరంగా చెప్పినప్పుడు నీకెందుకు అర్థం కాలేదని అడుగుతాడు.

తర్వాత పిట్ట ఆ గదికి వెళ్ళలేదు. క్లాసులోనే కూర్చుంటున్నానని రోజూ నేను అడగకుండానే చెప్పేది. పొద్దున్నే కడుపులో తిప్పుతోందనేది, రెండు ముద్దలు తిని లేచిపోయేది. దాని జడ వేస్తుంటే జుట్టు కుచ్చులుగా చేతికొచ్చేది. నూనె పెట్టుకోకపోతే ఇంతే అన్నాను.

మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరు. నేను కౌన్సెలర్‌నండీ, పక్కగది చూసేది నేనే, మీ అమ్మాయికి దెబ్బలేం తగల్లేదు, కంగారు పడకండి, ఒకసారి రాగలరా అంది. చేతిలో ఉన్న చొక్కా మిషన్ కిందే వదిలేసి బయలుదేరాను. కత్తెరక్క ఏమైందని అడిగింది. స్కూల్లో పని ఉందన్నాను.

పిట్ట ఆడపిల్లల బాత్‌రూమ్‌లో లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. లెక్కల సారు ఆ రోజు సెలవట. వేరే సారు వచ్చి బోర్డు దగ్గరికి పిలిచాడు. మామూలు సారుకి విషయం తెలుసు కాబట్టి, పిలవాలనుకుంటే ముందురోజే దీనికి చెవిన వేసేవాడట. కొత్తాయనకి ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు పెన్సిల్ డబ్బా బల్ల మూలన నిలబెడితే చాలు, ఏ టీచరూ ఏమీ అడగకుండా బయటికి పంపాలన్నది అక్కడి పద్ధతి. పిట్ట డబ్బా నిలబెట్టలేదు. నిలబెడితే పక్కగదికి పంపిస్తారు కదా. నేను వద్దన్నాను కదా. బోర్డు దాకా వెళ్ళి, సుద్దముక్క చేత్తో పట్టుకుని, ఊపిరాడక పరిగెత్తింది.

కౌన్సెలర్ మేడమ్ ఆ తడి నేల మీదే, తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న వయసే, నా అంతే ఉంటుంది. లోపలున్న పిల్లతో తమ ఇంట్లో పంపు కారడం గురించి, బాగుచేయడానికి వచ్చినతను ఉన్న పంపుని కూడా ఊడదీసి పోవడం గురించి చెబుతోంది. బయటికి రమ్మని ఒక్కసారీ అనడం లేదు. నన్ను చూసి లేచి పక్కకి తీసుకెళ్ళింది. పక్కగదికి ఎందుకు రావట్లేదని రెండుసార్లు అడిగిందట. మా అమ్మకి పరువు తక్కువట అని పిట్ట చెప్పిందట.

ఆ మాట ఆవిడ మామూలుగానే చెప్పింది. నేను గోడకేసి చూశాను. ఆ క్షణాన నేల చీలినా నాకు అభ్యంతరం లేదు.

"తప్పు మీ ఒక్కరిదే కాదండీ. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేసి ఊరుకున్నాం. పిలిపించి, కూర్చోబెట్టి, గది చూపించి చెప్పాల్సింది" అంది ఆవిడ.

అది విన్నాక కూడా నాకు తేలికపడలేదు. వాళ్ళు ఇంకేమైనా తెలుసుకోవాలా అని అడిగారు. ఏమీ లేదన్నది నేను.

వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. లోపల నుంచి ఎగఊపిరి వినిపిస్తోంది. బంగారుతల్లీ అనడానికి మొహం చెల్లలేదు. మేడమ్ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ వింటుందని తెలిసీ అన్నాను.

"పిట్టా, ఆ రోజు ఫోన్లో వాళ్ళు చెప్పింది నాకు అర్థం కాలేదే. అర్థమైనట్టు సరే అన్నాను. నాకెప్పుడూ అర్థం కాదు. మీటింగుల్లో కూడా అంతే. అడగడానికి సిగ్గు."

లోపల చప్పుడు ఆగింది.

"ఇప్పుడు అడుగుతున్నా. ఆ గదిలో ఏం చేస్తారో నాకు చెప్తావా?"

తర్వాత తలుపు వెనకనుంచే, ముక్కు ఎగబీలుస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏమీ చేయించరట. కిటికీకి తెర వేసి ఉంటుందట. కావాలంటే బొమ్మలు వేసుకోవచ్చు, లేకపోతే ఊరికే కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. చెప్పాలనిపిస్తే మేడమ్ వింటుంది. ఊపిరి సర్దుకున్నాక మళ్ళీ క్లాసుకి వెళ్ళిపోతుంది. మొన్నటిదాకా వారంలో ఒకటి రెండుసార్లే వెళ్ళాల్సి వస్తోందట, తగ్గుతోందట.

తగ్గుతోందట. అప్పుడే నేను వద్దన్నాను.

"మళ్ళీ వెళ్ళనా అమ్మా?" అంది.

"వెళ్ళు. నాకోసం మానకు" అన్నాను. గడియ తీసిన చప్పుడైంది. బయటికొచ్చి నా పక్కన, అదే తడిలో కూర్చుంది. నా భుజం మీద తల పెట్టలేదు. అంత త్వరగా పెడుతుందని నేనూ అనుకోలేదు.

మేడమ్ మమ్మల్ని పక్కగదికి తీసుకెళ్ళింది. మూలన కుర్చీలో కత్తెరక్క కూతురు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి బిగుసుకుపోయింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను కానీ ఆ పిల్ల లేచి నా దగ్గరికే వచ్చింది.

"పిన్నీ, షాపులో చెప్పకండి. అమ్మకి చిన్నతనంగా ఉంటుంది" అని గొణిగింది.

చెప్పనని మాటిచ్చాను. ఆ రోజు మెట్ల దగ్గర కత్తెరక్క గొంతు ఎందుకు తగ్గించిందో, నా మీద జాలితో కాదని, తన కూతురూ ఆ గదికి వెళుతోందని స్కూల్లో విని వచ్చినందుకేనని, అప్పుడు అర్థమైంది.

మర్నాడు షాపులో గుండీలామె మళ్ళీ మొదలెట్టింది. ర్యాంకు టీ ఎప్పుడు అంది. ఇంకో ఇద్దరు మిషన్లు ఆపి నవ్వారు. రేపు, ఎల్లుండి అని దాటేయడం తేలికే. నా చేతుల కింద కాలర్ కదలడం లేదు.

"అది ర్యాంకుల గది కాదు. నేనే తెలియక అన్నాను. మా పిల్లకి క్లాసులో భయమేస్తుంది, ఊపిరాడదు. అప్పుడు వెళ్ళి కూర్చునే గది అది."

చెవులు కాలిపోయాయి. చెబితే భారం దిగుతుందంటారు, నాకు దిగలేదు. అయితే టీ లేనట్టేనా అంది గుండీలామె, ఏదో ఒకటి అనాలి కాబట్టి. తర్వాత తనే లేచి వెళ్ళి అందరికీ టీ పట్టుకొచ్చింది. నా గ్లాసు నా మిషన్ మీద పెడుతూ నా మొహం చూడలేదు. అది కూడా మంచికే.

కటింగ్ బల్ల మీద కత్తెర మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. కాసేపటికి కత్తెరక్క నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను పొరపాటున తిరగేసి కుట్టిన కాలర్ చేతిలోకి తీసుకుని కుట్లు విప్పడం మొదలెట్టింది. తల వంచుకునే అడిగింది.

"అక్కడ వాళ్ళేమైనా తిడతారా పిల్లల్ని?"

లేదక్కా అన్నాను. పిట్ట చెప్పింది చెప్పాను. మిగిలింది మీ అమ్మాయినే అడుగు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా, మింగేశాను.

"నాకూ పూర్తిగా తెలీదక్కా. రేపు వెళ్ళి మేడమ్‌ని ఇంకా అడగాలి. ఒక్కదాన్నే వెళ్ళి అడగాలంటే సిగ్గుగా ఉంది. తోడొస్తావా?"

ఆవిడ ఇంకొన్ని కుట్లు విప్పింది. రేపటికి కత్తిరించాల్సిన తానులు బోలెడు ఉన్నాయంది. విప్పిన దారం వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది.

"ఎన్నింటికి?" అంది.