పసరత్త ఎడమ చెయ్యి

తడి రాయి మీద వేరు నలుగుతోంది. ఘాటుగా, చేదుగా, ముక్కుపుటాలు అదిరే వాసన...

ఎవరికైనా తుమ్ములొస్తాయి. పసరత్తకు మాత్రం ప్రాణం లేచొస్తుంది.

అసలు పేరు వేరే ఉంది. ఆకు పసర్లతో లేపనాలు నూరీ నూరీ ఆ పేరు అరిగిపోయింది. గజ్జి, తామర, దద్దుర్లు — ఎవరి ఒంట్లో ఏది దురదపెట్టినా ఆమె గుమ్మమే దిక్కు.

ఆమెకు ఒకటే పట్టింపు. ఏ లేపనమైనా ముందు తన ఎడమ ముంజేతి మీద. నూరు అంకెలు లెక్కపెట్టడం. ఆ తర్వాతే మాట.

"చల్లగా ఉంటుంది."

"చురుక్కుమంటుంది, ఓర్చుకోవాలి."

ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి చెప్పిందే వేదం.

ఈరోజు చిత్రమూలం వేరు. చిటికెడు ఎక్కువైతే బొబ్బలెక్కించే వేరు. దర్జీ నడుము మీది తామర మొండికేసింది మరి.

రాసుకుంది. లెక్కపెట్టింది.

నూరు... ఏమీ లేదు.

నూట యాభై... ఏమీ లేదు.

వేరు పాతదేమో! ఇంకాస్త నూరింది. ఇంకాస్త పట్టించింది. అయినా ఏమీ లేదు. ఇదేం వింత! పొడుపుకథ దొరికిన పిల్లలా ఆమెకు సరదా కూడా వేసింది.

"ఏదీ, ఇటివ్వండి అత్తయ్యా," అంటూ కోడలు ఓ చుక్క మణికట్టుకి రాసుకుంది. అంతలోనే కుళాయి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మో! నిప్పు కదండీ ఇది!"

పసరత్త తన చెయ్యి కడిగి చూసుకుంది. ఎర్రగా కందింది. మధ్యలో పాలిపోయిన మచ్చ — పసర్లు పడీ పడీ రంగు విరిగిందని ఇన్నాళ్ళూ అనుకున్న మచ్చ. సాయంత్రానికి దాని మీద నీటిబొబ్బ లేచింది. వేలితో నొక్కింది. నొప్పి లేదు. ఎవరి చెయ్యో చూస్తున్నట్టు చూసింది.

అప్పుడు వేసింది భయం. చేతి గురించి కాదు.

ఎప్పటి నుంచి?

చెప్పులైనా వేసుకోకుండా దర్జీ కొట్టుకి నడిచింది. "పోయిన నెల ఇచ్చిన లేపనం... మంట పెట్టిందా?"

దర్జీ మిషను ఆపాడు. "పెట్టడమా? చుక్కలు కనిపించాయి అత్తా! నువ్వేమో చల్లగా ఉంటుందన్నావు. తేడా నా ఒంట్లోనే ఉందనుకుని ఓర్చుకున్నా."

ఇంకెంతమంది ఓర్చుకున్నారో!

ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ కళ్ళు మూసుకోమంది. దూది తగిలినప్పుడల్లా చెప్పమంది. పసరత్త బుద్ధిగా కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరమ్మా?"

"మూడుసార్లు తాకించానమ్మా."

అది కుష్ఠు మచ్చట. మాత్రలు మానకుండా వేసుకుంటే జబ్బు పోతుందట. స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేరట. ఎప్పటి నుంచి పోయిందో — అది అసలే చెప్పలేరట. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

వారం రోజులు రాయి ముట్టుకోలేదు.

"కుడి చెయ్యి ఉందిగా అత్తయ్యా," అంది కోడలు.

"ఇది నన్ను ఇన్నాళ్ళు మోసం చేసింది. అది మాత్రం చెయ్యదని ఏంటి నమ్మకం?"

ఎనిమిదో రోజు దర్జీ వచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముంజేతిని తెచ్చి రాయి పక్కన పెట్టాడు.

"మాటలు తర్వాత అత్తా. ముందు నూరు."

నూరింది. ఈసారి వేపాకు, పసుపు, అంతే. వేలికొసతో అతని చేతికి రాసింది. గదంతా పచ్చి చేదు వాసన...

ఒకటి... రెండు... మూడు...

ముప్ఫై ఏళ్ళుగా చెప్పడమే తెలుసామెకు. అడగడం తెలియదు. ఇప్పుడు అడిగింది.

"ఎలా ఉంది?"

దర్జీ ఆమె మొహంలోకి చూశాడు. "చల్లగా..."

"నన్ను చూసి చెప్పకు," అంది పసరత్త. "నీ చెయ్యి చూసుకుని చెప్పు."

అతను తల వంచి తన చేతిని చూసుకున్నాడు. ఆమె మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.