గేటు మీది మాటలు

నాయిన టిఫిను డబ్బాను బూడిదతో తోముతున్నాను. మిల్లు ఆగి మూడు నెలలైనా ఆయన రోజూ డబ్బా తీసుకునే వెళ్తాడు. నాచారంలో మిల్లు గేటు దగ్గర ఎనిమిదింటికి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ చూపించి సంతకం పెట్టాలి. పెట్టకపోతే పేరు కొట్టేస్తారట. సంతకం పెట్టి, ఆ గోడ నీడనే కూర్చుని తిని, ఉప్పల్‌లో ఇంటికి నడిచి వస్తాడు.

గేటుకు అంటించే నోటీసులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. నాయినకు ఇంగ్లీషు రాదు. పైన ఉన్న పెద్దక్షరాలను సిగరెట్టు పెట్టె అట్ట మీద బొమ్మ గీసినట్టు గీసుకొస్తాడు. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను కనుక అర్థం చెప్పే పని నాది. మొదటి అట్ట మీద ‘స్టాపేజ్’. తర్వాతి దాని మీద ‘సస్పెండెడ్’. రెండింటికీ నా డిక్షనరీలో ఆపడమనే ఉంది. మూడోసారి ‘లే-ఆఫ్’ వచ్చింది. అది దొరకలేదు. పక్కింటి టీచరు కమలకుమారి గారిని అడిగాను.

“పని లేదు, కానీ మనిషి ఇంకా వాళ్ళ మనిషేనని” అన్నారావిడ. “ఆపడానికి ఎన్ని మాటలున్నాయో చూడమ్మా వీళ్ళకి! మా ఆయన వాగుడు ఆపడానికి నాకు ఒక్కటీ దొరకట్లేదు.”

నాయిన అట్టలన్నీ బైబిల్లో దాచుకున్నాడు.

నిన్న నాలుగోది తెచ్చాడు. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ‘పర్మనెంట్ క్లోజర్.’

“ఇదేంది బిడ్డా?”

“గట్లనే నాయినా. ఇంకొన్ని దినాలు ఆపిన్రు.”

ఎందుకట్లా అన్నానో తెలియదు. అమ్మ అన్నం వడ్డించింది. ఆయన రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు.

డబ్బా కడుగుతుండగానే సామ్యేలు మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. తను పనిచేసే దవాఖానాలో వాచ్‌మన్ పని ఉందని నెల నుంచీ నాయిన వెంట పడుతున్నాడు.

“బావా, ఇయ్యాల పదింటికల్ల మనిషిని సూపియ్యాలె. లేకుంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటరు.”

“నేను రాను. మిల్లు తెరుస్తరు.”

“ఎవరు జెప్పిన్రు? మేనేజరు నీకు సుట్టమా ఏంది?”

“నా బిడ్డ జదివి జెప్పింది.”

మామ నా వైపు చూశాడు. నేను డబ్బాలో అన్నం పెట్టి, మామిడికాయ తొక్కు వేసి, మూత బిగించాను.

“నాయినా, నిన్న అబద్ధం జెప్పిన. మిల్లు మూసేసిన్రు. ఇగ తెరువరు. సంతకం గూడ అక్కర లేదు.”

అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. నాయిన బైబిల్ తెరిచి నాలుగో అట్ట తీశాడు. తను గీసిన అక్షరాల మీద మొదటి నుంచి చివరి దాకా వేలు పోనిచ్చాడు.

“నిన్ననే ఎర్కనా నీకు?”

“ఎర్కనే.”

“బస్సు పోతది బావా” అంటూ మామ బయటికి నడిచాడు.

నాయిన జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి, చొక్కాలు వేలాడేసే మేకుకు తగిలించాడు. డబ్బా అందించాను. తీసుకోలేదు. చెప్పులేసుకుని, గడప దాటి, నాచారం వైపు కాక బస్టాపు వైపు తిరిగాడు.