తెగిన ముక్కల బొమ్మ

కమాల్ బాషా ఫిల్ము అంచును నాలుకతో తడిపి, బ్లేడుతో గీకి, జిగురు పూసి, ఇంకో ముక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. ప్రొద్దుటూరు టాకీసులో ఆడిన ప్రతి బొమ్మా ఎక్కడో ఒకచోట తెగేది. బాగుచేయగా మిగిలిన తునకలన్నీ దాచి, వాటితో తనదంటూ ఒక రీలు తయారుచేసుకున్నాడు. ఇప్పుడు అతికించింది చివరి ముక్క. ఆపరేటరుగా ఆయనకిదే చివరి రోజు కూడా. ప్రొజెక్టరులో మండే కార్బన్ కడ్డీల వెలుగు చూసి చూసి కళ్లకు పొర కమ్మింది. సాయంత్రం బస్సుకు పులివెందులకు, కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. ఈలోగా ఆ రీలు ఒక్కసారి నిండు హాల్లో ఆడితే చాలుననుకున్నాడు.

"కథ లేని బొమ్మ యాడన్నా ఉంటాదా మామా?" అని, ఆ రీలు ఆడించనివ్వని మేనేజరు కోదండపాణి ఎప్పుడడిగినా కమాల్ బాషా నవ్వేసేవాడు.

మ్యాట్నీలో ఇంటర్వెల్ అయిపోయింది. జమ్మలమడుగులో ఆడి బస్సులో రావలసిన మిగతా రీళ్ల పెట్టె రాలేదు. ఆడవాళ్ల వైపు నుంచి కేకలు లేచాయి. కోదండపాణి మెట్లెక్కి ఉరికొచ్చాడు.

"మామా, బెంచీలు ఇరగ్గొడతాండారు. ఏందో ఒకటెయ్యి!"

"నా బొమ్మ ఒకటే ఉండాదప్పా. వద్దంటివి గదా."

"ఎయ్ మామా, ఎయ్! తిట్టేది నన్నేలే!"

తెర మీద రాజు కత్తి దూసి దూకాడు. వేటు పడేసరికి ఎవరో ఇల్లాలు గుమ్మడికాయ కోస్తోంది. ఏనుగు ఎత్తిన పూలదండ బొజ్జ షావుకారు మెడలో పడింది. భోరుమన్న తల్లి ఏడుపు సగంలో రైలు కూతయింది.

కమాల్ బాషాకు అంతా మసకే. హాల్లోకి తెరుచుకునే కేబిన్ గోడ కన్నానికి చెవి ఆనించాడు. హాలు మూగబోయి ఉంది. అప్పుడొక నవ్వు వినిపించింది, ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చించే గులాబ్‌బీది. వెనకే హాలంతా ఘొల్లుమంది. ఏ నవ్వు ఏ ముక్కదో ఆయనకు చూడకుండానే తెలిసిపోతోంది.

పెట్టె వచ్చి అసలు కథ మొదలయ్యాక గులాబ్‌బీ పైకొచ్చింది.

"భయ్యా, కొత్త బొమ్మకు అడ్వటేజు అనుకున్యారు! ఎప్పుడొస్తాదని అడగతాండారు."

"నువ్వేం చెప్తివి?"

"వచ్చే వారమే అంటి."

వెనకే వచ్చిన కోదండపాణి తల గోక్కున్నాడు. "ఆ గుమ్మడికాయ యాడ దొరికె మామా నీకు?"

సాయంత్రం కోదండపాణి ఆ రీలు డబ్బాను సంచిలో పెట్టబోతే కమాల్ బాషా వద్దన్నాడు. "కూతురింట్లో తెర యాడుందప్పా? ఈడే ఉండనీ."

పులివెందుల బస్సు వెళ్లిపోయింది. ఫస్టు షోలో మళ్లీ ఫిల్ము తెగింది. కొత్త ఆపరేటరు కత్తిరించి పారేసిన తునకను గులాబ్‌బీ ఏరి, కొంగుతో తుడిచి, కమాల్ బాషా డబ్బా దగ్గరికి తీసుకెళ్లింది.

కేబిన్ అరలో ఆ డబ్బా మూత సరిగా పడలేదు. సందులోంచి ఇంకా అతికించని ముక్క ఒకటి తొంగిచూస్తోంది.