మూడు సైజుల నవ్వు

గురువారం పదిన్నరకు సుమలత నరసింహకు చీర కడుతుంది. ఆరేళ్లుగా కడుతోంది. అతను చేతులు రెండూ పైకెత్తి, గోడ మీది క్యాలెండరు చూస్తూ, సూది మందుకు సిద్ధమైన పిల్లవాడిలా నిలబడతాడు. ముందు జాకెట్టు లోపల, పాత దుప్పటి చింపి సుమలతే కుట్టిన రెండు ఉండలు సర్దాలి. తర్వాత కుచ్చిళ్లు, ఆపైన పిన్నులు. మామూలు రోజుల్లో నరసింహ కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మనిషి, మర్యాదస్తుడు. "వదినా, పిన్ను గుచ్చుకుంటాండాది" అని చెప్పడానికి కూడా మొహమాటపడతాడు. తన చీర తను కట్టుకోవడానికి సుమలతకు మూడు నిమిషాలు చాలు. ఊరు నవ్వేటట్టు ఒక మగవాణ్ణి ఆడదాన్ని చెయ్యాలంటే మాత్రం అరగంట పడుతుంది.

హిందూపురంలో కేబుల్ ఉన్న ఇళ్లన్నిటికీ ఆమె భర్త యువరాజ్ తెలుసు. కింద కేబుల్ ఆఫీసు, పైన ఇల్లు, మధ్యలో మెట్లు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు సొంత ఛానల్లో 'తలుపేసుకోండి' అని అరగంట కార్యక్రమం వేస్తాడు. పిల్లల్ని బయటికి తోలి, తలుపేసుకుని చూడమని దాని అర్థం. మొగుడు, పెళ్లాం, పక్కింటావిడ. లేకపోతే మొగుడు, అత్త, మరదలు. అంతగా తలుపేసుకోవడానికి ఏముందంటే పడగ్గది మాటలు, ఆడవాళ్ల ఒళ్లు, ఆడవాళ్ల వయసు. రాసేదీ యువరాజే, మొగుడి వేషం వేసేదీ అతనే. రాయడానికి పెద్దగా కష్టపడడు, వంటింటి గుమ్మం దగ్గర చెవి పెడితే సరిపోతుంది. ఒకసారి సుమలత నడుం నొప్పిగా ఉంది, ఇవ్వాళ వద్దు అంది. తర్వాతి ఆదివారం నరసింహ ఆమె చీరలోనే నడుం పట్టుకుని అదే మాట అన్నాడు. సోమవారం కూరగాయల అంగట్లో ఎవరో "ఏమక్కా, నడుమెట్లుండాది?" అని పలకరించారు. అప్పటి నుంచి ఆమె ఇంట్లో మాటలు తగ్గించింది. "నీకు నోరు పడిపోయిందా ఏంది, కొత్త పాయింట్లే దొరకడం ల్యా" అని యువరాజ్ నిజంగానే బాధపడ్డాడు, పాపం.

షూటింగు రోజు అందరికీ ఉగ్గాని, బజ్జీలు ఆమెవే. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుని తీసినదంతా కత్తిరించి అతికించేదీ ఆమే. అనంతపురంలో కంప్యూటర్లు చదువుకుంది మరి. "ఇంట్లో ఊరికే ఉండేదానికి అదో కాలక్షేపం" అని యువరాజ్ వచ్చినవాళ్లతో చెబుతాడు. చివర్లో పేర్లు పడతాయి. రచన యువరాజ్, దర్శకత్వం యువరాజ్, ఎడిటింగ్ యువ టీం. ఆ పేర్లు టైపు చేసేది కూడా సుమలతే.

కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు యువరాజ్‌కు ఒకటే కొరత. పెద్ద ఛానళ్లలో జోకు పడగానే జనం ఘొల్లుమంటారు, ఇక్కడ జోకు పడితే గోడ గడియారం వినబడేది. కొత్త మైకు తెచ్చి, ఒక మధ్యాహ్నం ఆఫీసు గదిలో ఒక్కడే కూర్చుని ఏవేవో ప్రయత్నాలు చేశాడు. ఆ సమయానికి సుమలత, ఎదురింటి సఫియా మెట్ల మీద చెనిక్కాయలు ఒలుస్తున్నారు. ఉన్నట్టుండి ఇద్దరికీ నవ్వొచ్చింది. చాట బోర్లాపడి, కాయలు మెట్ల మీద దొర్లిపోయి, ఒకరి భుజం మీద ఒకరు వాలి కళ్లనీళ్లు తుడుచుకునేంత నవ్వు. గది కిటికీ తెరిచే ఉండటంతో అదంతా మైకులో పడింది. సాయంత్రం అది విని యువరాజ్ ఎగిరి గంతేశాడు. దేనికి నవ్వారని అడగలేదు. వాడుకోవచ్చా అనీ అడగలేదు. నలభై సెకన్ల నవ్వును మూడు ముక్కలు చేసి పేర్లు పెట్టాడు: చిన్న నవ్వు, పెద్ద నవ్వు, పొర్లాడే నవ్వు. స్క్రిప్టులో ఎక్కడెక్కడ ఏ సైజు కావాలో ఎర్ర పెన్నుతో రాసిస్తాడు, శుక్రవారం సుమలత అక్కడక్కడ పెడుతుంది. తన నడుం నొప్పి మీద తన పెద్ద నవ్వు తనే పెట్టుకుంది. ఆ రోజు చెయ్యి ఆగనందుకు ఆమెకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. సఫియా మొదట్లో "ఏమ్మే, మనం టీవీలో నవ్వుతాండాం!" అని మురిసిపోయింది. కొన్నాళ్లకు చూడటం మానేసింది, ఎందుకో చెప్పలేదు.

సఫియా జాకెట్లు కుడుతుంది. పెనుకొండలో తొమ్మిదేళ్లు కాపురం చేసి, ఒక పొద్దున కుట్టుమిషను ఆటోలో వేసుకుని హిందూపురం వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందో సుమలత ఒక్కదానికే తెలుసు. సుమలత తన మొగుడికి కూడా చెప్పలేదు కనుక, యువరాజ్ తనకు తోచింది ఊహించుకున్నాడు.

ఈ బుధవారం అతను "సఫియా దగ్గర కొలతల టేపు ఒకటి అడిగి తే" అన్నాడు. సుమలత వెళ్లి అడిగితే సఫియా మెడలోది తీసి ఇచ్చింది, దేనికని అడగలేదు. గురువారం చీర కట్టడం అయ్యాక యువరాజ్ ఆ టేపు నరసింహ మెడలో వేశాడు. అప్పుడు అర్థమైంది సుమలతకు. స్కిట్ పేరు మిషనక్క. మొగుణ్ణి వదిలేసి వచ్చి, కిటికీ దగ్గర మిషను వేసుకున్న ఆడది. నరసింహ టేపు లాగి చూపిస్తూ, "మొగుని కొలత చాల్లేదని వచ్చేసినా. ఇప్పుడు ఊర్లో అందరి కొలతలూ చూస్తాండా" అన్నాడు. కెమెరా వెనక ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. స్క్రిప్టులో ఆ మాట పక్కన ఎర్ర అక్షరాలు: పొర్లాడే నవ్వు.

అన్నాలప్పుడు సుమలత అంది, "ఇది సఫియానే కదా."

"పేరేమన్నా పెట్టినామా?" అన్నాడు యువరాజ్ బజ్జీ తుంచుతూ. "జోకే. నవ్వేదానికి గూడా నీకు కారణం కావల్లంటే ఎట్లే? నీకు మొదటినించీ హ్యూమరు తక్కువ."

"మొగోళ్లు ఏందో తిప్పలు పడి చేసుకుంటాంటే నీకెందుకమ్మా" అంది అత్త లక్ష్మీదేవమ్మ. "నన్ను గూడా పెట్టినాడు, నేనేమన్నా అంటినా?" నిజమే, ఏమీ అనలేదు. పండ్లూడిన ముసలమ్మ స్కిట్టు వచ్చిన రోజు అందరూ ఆమె వైపు తిరిగి నవ్వుతుంటే, ఉప్పు తెస్తానని లేచి వెళ్లి, కార్యక్రమం అయ్యేదాకా వంటింట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం సుమలత టేపు తిరిగి ఇవ్వడానికి వెళ్లి, మొత్తం చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. తనే టేపు తెచ్చి ఇచ్చిన సంగతి రెండుసార్లు చెప్పింది. సఫియా మిషను ఆపకుండా వింది. ఆ కుట్టు చివరిదాకా వేసి, దారం తెంచి అడిగింది.

"ఆ మాటకు నేను నవ్వుతానా?"

"నవ్వుతావు. పొర్లాడే నవ్వు పెట్టమన్యాడు."

సఫియా టేపు తీసుకుని చాలాసేపు వేలికి చుట్టుకుంది. ఆమె ఏడుస్తుందేమో అనుకుంది సుమలత. ఏడవలేదు. "వాండ్ల మాటలు వాండ్లు వేసుకోనీలే సుమా. నువ్వు ఆపలేవు, ఆపితే రేపు నీ మింద ఇంగోటి రాస్తాడు. మన నవ్వు మాత్రం తెచ్చెయ్యి."

శుక్రవారం సుమలత చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. రాసిచ్చినట్టే ఒక్కసారి పెట్టి చూసింది. నరసింహ టేపు లాగాడు, మాట అన్నాడు, వెంటనే సఫియా నవ్వింది. ముందు ఊపిరి లోపలికి పీల్చుకుని, తర్వాత చిన్న దగ్గు, ఆ తర్వాత గొంతు పగిలేటట్టు నవ్వు. తనను తిట్టినవాడికి తనే తాళం వేస్తున్నట్టుంది. ఆ నవ్వు వెనకే తన నవ్వు కూడా ఉంది. ఆరేళ్లలో ఎన్ని శుక్రవారాలు, ఎన్ని నడుములు, ఎంతమంది అత్తలు, ఎంతమంది పక్కింటివాళ్లు. అన్నిటికీ తామిద్దరే నవ్వారు. ఎవరైనా తప్పు పడితే, ఊళ్లో ఆడవాళ్లే నవ్వుతుంటే మీకేం నొప్పి అని యువరాజ్ అనగలిగాడంటే, ఆ ధైర్యం ఇచ్చింది తనే. నిజానికి అలాంటి నవ్వు తనకు మళ్లీ ఎప్పుడు వచ్చిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. వచ్చినప్పుడల్లా ఇది టీవీలో నవ్వినట్టుందే అనిపించి సగంలో ఆపేసుకునేది. తన నవ్వు తనకే ఎరవు సొమ్ములా అయిపోయింది. ఒకటో నవ్వు తీసేసింది. రెండోది తీసేసింది. ముప్పై నాలుగూ తీసేసేసరికి బియ్యం కడిగే వేళయింది. మూడు ముక్కలనూ, అసలు నలభై సెకన్లనూ తన ఫోనులోకి దించుకుని, సఫియాకు పంపించి, కంప్యూటరులోంచి తుడిచేసింది. చివరి పేర్ల దగ్గర కాసేపు ఆలోచించి, 'యువ టీం' కొట్టేసి, 'సుమలత' అని టైపు చేసింది.

ఆదివారం కోడిపులుసు, రాగిముద్ద. నరసింహను కూడా భోజనానికి పిలిచారు. ఒంటిగంటకు యువరాజ్ తలుపేసి టీవీ పెట్టాడు. మొదటి జోకు పడింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. యువరాజ్ రిమోటు తీసుకుని సౌండు పెంచాడు. రెండో జోకు ఇంకా గట్టిగా పడింది, ఫ్యాను ఇంకా బాగా వినబడింది. ఆరేళ్లుగా ఎక్కడ నవ్వాలో టీవీయే చెప్పేది, ఇప్పుడు గదిలో ఎవరికీ తెలియలేదు. మిషనక్క వచ్చింది, టేపు లాగింది, ఆ మాట అంది. చీర కట్టుకున్న ఒక మగవాడు నోరు తెరిచి, ఎవరో నవ్వుతారని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అసలు నరసింహ తన ముఖం తాను చూసుకోలేక, ముద్ద సగంలో వదిలి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆదివారాలు పైకి తెచ్చి పెట్టుకునే ఆఫీసు ఫోను మోగింది. ఎప్పటిలా సుమలతే ఎత్తింది. "సౌండు సగమే వస్తాండాదమ్మా" అన్నాడు ఎవరో.

"సౌండంతా వస్తాండాది సార్. నవ్వు తీసేసినాం, అంతే."

యువరాజ్ ఆమె వైపు, టీవీ వైపు మార్చి మార్చి చూశాడు. తెర మీద ఎడిటింగ్ సుమలత అని పైకి పాకుతోంది.

"నవ్వు యాడబెట్టినావు?"

"ఎవురిది వాళ్లకు ఇచ్చేసినా."

అతను అరవబోయి, నరసింహ ఉన్నాడని తగ్గాడు. పనిమంతుడు కదా, వెంటనే పరిష్కారం ఆలోచించాడు. "సరేలే. రేపు సఫియాను పిల్చకరా. ఇద్దరూ మైకు ముందర కూచోండి, అప్పుడు నవ్వినట్లే నవ్వండి. ఆ పొద్దు ఏం చెప్పుకోని నవ్వినారో అదే మళ్లా చెప్పుకోండి."

"ఏం చెప్పుకోలేదు. చూసి నవ్వినాం."

ఆరేళ్లలో మొదటిసారి అతను అడిగాడు. "ఏం చూసి?"

సుమలత అతని కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది. "నువ్వు గదిలో ఒక్కనివే కూచోని, మైకు ముందర హ్హహ్హహ్హా అని నవ్వుతాంటివి. ఒకసారి నవ్వి, విని, బాగాలేదని తల ఊపి, మళ్లా నవ్వుతాంటివి. మొగంలో ఒక్క నవ్వన్నా ల్యా. కిటికీలోంచి అది చూసి నవ్వినాం."

ఫ్యాను చప్పుడును దాటి గదిలో నవ్వు వినబడింది. లక్ష్మీదేవమ్మ నవ్వుతోంది. నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.