శిఖరం జరిగిన రోజు

మాడిన గిన్నె తోముతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "మధ్యాహ్నం అక్క భోజనానికొస్తోంది. నీ రాళ్ళ పని ఒక్కరోజు ఆగితే కొంపలేం మునిగిపోవులే," అన్నాడు.

పెళ్ళైన కొత్తలో నా పనేమిటో చెబితే, "మా ఆవిడ రాళ్ళు పెంచుతుంది" అని అందరికీ చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇవాళ నవ్వు రాలేదు. "వంట చేసిపెట్టాను. మీ అక్కకి మీరే వడ్డించండి," అని చేతులు తుడుచుకుని ల్యాబుకి బయల్దేరాను. ఇవాళ కొలతలు. ఆగమంటే ఎలా ఆగుతాను!

నేను పెంచేది రాయి కాదు, స్ఫటికం. పొర మీద పొర, కంటికి ఆననంత పలచగా. ఫోన్లలో మైక్రోవేవ్ సిగ్నళ్ళని ఏరే భాగం ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోటి కావాలి. ఈ స్ఫటికంతో చేస్తే ఒక్కటే చాలు, వోల్టేజి మారిస్తే అదే ఫ్రీక్వెన్సీ మార్చుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇంతవరకూ మేం చేసినవన్నీ మారుతూనే సగం సిగ్నల్ని మింగేసేవి. పొరల్లో లోపాలు ఇరుక్కోవడం వల్లేనని నా అనుమానం. అందుకే ఈసారి ప్రతి పొర తర్వాతా, పొరగా పేరుకునే ఆవిరి వచ్చే దారికి మూత మూసి, ఆ పొర కుదురుకునేదాకా ఆగి, తర్వాతది వేశాను. "సిమ్‌లో పెట్టావా అమ్మా? ఇది వంటిల్లు కాదు," అని మా ప్రొఫెసర్ గారు అందరిముందూ వెక్కిరించారు.

ల్యాబులో కొలిచే యంత్రం తెరమీద సిగ్నల్ గీత శిఖరంలా నిలబడి ఉంది. వోల్టేజి కొద్దిగా పెంచాను. శిఖరం పక్కకి జరిగింది! ఇంకొంచెం పెంచాను. ఇంకా జరిగింది, ఎత్తు మాత్రం తగ్గలేదు, సిగ్నల్ని మింగలేదన్నమాట. తగ్గిస్తే బుద్ధిగా వెనక్కొచ్చింది. వైర్లన్నీ సరిచూసి మళ్ళీ చేశాను. అదే! ఒక్కదాన్నే పైకి నవ్వేశాను, వెంటనే ఏడుపూ వచ్చేసింది. ఇన్నాళ్ళూ పొయ్యి ముందు, బస్సులో, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చుని నేననుకున్నదే నిజం!

ప్రొఫెసర్ గారు పరుగున వచ్చి చూసి, అక్కడికక్కడే డైరెక్టరుకి ఫోన్ చేశారు. "సాధించాం సార్! అందరూ రండి, చూపిస్తాను." ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు. "అమ్మా, ఎప్పట్లా టీ సంగతి చూడు. వాళ్ళకి నేను వివరిస్తాలే."

ఎవరొచ్చినా టీ నాదే. ఎవరూ పెట్టకుండానే పడిన రూలు అది. ఇప్పుడు లేచి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఇది ఆయన స్ఫటికం అయిపోతుంది. భయం వేసింది. అయినా లేవలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాను.

"టీ మీరు చూడండి సార్. దీన్ని పెంచింది నేను, చూపించేదీ నేనే."

డైరెక్టరు వాళ్ళు వచ్చి నా చుట్టూ మూగేసరికి ప్రొఫెసర్ గారు ట్రే పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నారు, ఎవరికి చక్కెర వెయ్యాలో తెలియక.