కిటికీ వైపు చెంప

మా కోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఆమె మలుపు తిప్పితే నిలబడినవాడి చేతిలో టీ గ్లాసు తొణకదు. ఇది నేను కల్పించింది కాదు. నేను కల్పించిన ముక్క వేరే ఉంది. ఆ కుదుపులేని బస్సులో ఒక పెద్దమనిషి నిద్రపోయి, దిగేసరికి గడ్డం మూరెడు పెరిగిందని. డిపోలో సగం మంది అదీ నమ్మారు. ఆమె నడపడం చూసినవాళ్లకి ఏదైనా నమ్మబుద్ధి అవుతుంది.

డ్యూటీకి వెళ్లేముందు ఆమె అద్దం ముందు ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. ఫౌండేషన్, పౌడరు, కాటుక, ఎర్రటి లిప్‌స్టిక్. కొత్తలో మా ఆవిడ సణిగింది.

"బస్సు తోలడానికా, పెళ్లికా ఈ ముస్తాబు?"

"యాభై మంది నన్ను నమ్మి ఎక్కుతారు అత్తయ్యా. వాళ్ల ముందు చెదిరిన ముఖంతో కూర్చోలేను" అంది కోడలు.

మా ఆవిడ మారుమాట లేకుండా లోపలికి వెళ్లింది. నలభై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నా నావల్ల కాని పని అది.

చిక్కల్లా కిటికీ వైపు చెంపతో వచ్చింది. మొదట చొక్కా గుండీ అంత గోధుమరంగు మచ్చ. ఏడాది తిరిగేసరికి చెంపలో సగం ఆక్రమించింది. రెండో చెంప మాత్రం పెళ్లినాటిలాగే ఉంది. మచ్చ పెరిగే కొద్దీ ఆమె పూత పెంచుతూ పోయింది. చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. తోడు నేను.

"ఇది మంగు. ఎండ తగిలేకొద్దీ పాకుతుంది" అంది డాక్టరమ్మ.

కోడలు సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. ఎండ నుంచి కాపాడుతుందని దాని మీద ముప్పై అంకె వేసి ఉంది. "రోజూ ఇదే వేసుకుంటున్నానండీ."

"ఆ ముప్పై నిజం కావాలంటే గోడకి సున్నం కొట్టినట్టు కొట్టాలమ్మా. మీరు వేసుకునేది అలమర మీద దుమ్మంత. కింద సన్‌స్క్రీన్ విడిగా రాయాలి. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మూడు నెలలయ్యాక రండి. అప్పటికీ పాకుతూ ఉంటే పగటి డ్యూటీ మానుకోవాల్సిందే."

డిపో మేనేజరు మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది తంటా. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చదివి, "టికెట్ గదిలో కుర్చీ ఖాళీగా ఉందమ్మా. ఫ్యాను కింద హాయిగా ఉండొచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కబుర్లు చెబుతున్నప్పుడు కూడా గాలిలో గేరు మార్చే చేతులవి.

"ఆ కుర్చీకి చక్రాలున్నాయి మామయ్యా. కానీ ఎక్కడికీ వెళ్లదు" అంది.

"పోనీ ఆ రంగులు మానెయ్యరాదూ. ఒట్టి ముఖానికి ఎన్నిసార్లయినా క్రీము రాసుకోవచ్చు" అంది మా ఆవిడ.

"ఎక్కినవాళ్లంతా ఆ మచ్చేంటమ్మా అని అడుగుతారు. వాళ్లకి జవాబు చెప్పనా, బండి చూసుకోనా అత్తయ్యా?"

టోపీ పెట్టుకోమన్నాను. అంచు అడ్డొచ్చి పక్క అద్దం కనిపించదంది. తర్వాత కాసేపు నా తల వైపే చూసింది. నాకు అనుమానం వచ్చింది.

"మామయ్యా, డాక్టరమ్మ చెప్పింది నిజమో కాదో కళ్లతో చూడాలని ఉంది. మీ నెత్తి ఎంత ఖాళీగా ఉందో."

ఖాళీయే. ఇరవై ఏళ్లుగా పన్ను లేని స్థలం. సరేనన్నాను.

మర్నాడు కనుబొమల పెన్సిలుతో నా గుండు మధ్యగా గీత గీసింది. ఒక సగానికి ఒట్టి పౌడరు. రెండో సగానికి సన్‌స్క్రీన్ దండిగా రాసి, పావుగంట ఆరనిచ్చి, దాని మీద పౌడరు. నడినెత్తిన ఎండ ఉన్న వేళ నన్ను చివరి స్టాపులో బల్ల మీద కూర్చోబెట్టి ఒక ట్రిప్పు వేసి వచ్చింది.

సాయంత్రానికి ఒట్టి పౌడరు వేసిన సగం టమాటా అయింది. రెండోది చెక్కుచెదరలేదు. ఆమె బస్సులో కండక్టరమ్మ చూసి, "తాతగారూ, మిమ్మల్ని సగమే కాల్చి దించేసినట్టున్నారు" అని పగలబడి నవ్వింది. కోడలు నవ్వలేదు. ఎర్రబడ్డ సగం మీద తడిబట్ట వేసి, "ఇన్నాళ్లూ నా చెంపకి ఇదే చేశాను" అంది మెల్లగా.

మర్నాటి నుంచి పూతల కింద సన్‌స్క్రీన్ వచ్చి చేరింది. కానీ సగం చిక్కు మిగిలే ఉంది. రెండు గంటలయ్యాక ఫౌండేషన్ మీద క్రీము రుద్దితే, రబ్బరుతో పెన్సిలు గీత చెరిపినట్టు ఉండలు కట్టి రాలింది. నా గుండు మీదా అంతే, ఆమె చెంప మీదా అంతే. ఒక రోజు సగం చెరిగిన ముఖంతో ట్రిప్పు వేసి వచ్చి, నేరుగా వెళ్లి ముఖం కడిగేసుకుంది.

దారి దొరికింది డిపో షెడ్డులో. గోడ రాసుకుని బస్సు పక్కన రంగు లేచిపోతే, పెయింటరు బ్రష్షు పట్టుకోలేదు. స్పాంజిముక్క రంగులో ముంచి, గీత మీద ఒత్తుతూ పోయాడు.

"రుద్దరేం అన్నయ్యా?" అని అడిగింది కోడలు.

"రుద్దితే కిందిపూత లేచొస్తుందమ్మా. ఒత్తితే పైన కూర్చుంటుంది."

ఆమె అక్కడే నిలబడి మొత్తం పని అయ్యేదాకా చూసింది. ఇంటికొస్తూ స్పాంజీలు కొనుక్కొచ్చింది. ముందు పలచటి కాగితంతో చెమట అద్దాలి. తర్వాత స్పాంజికి క్రీము పట్టించి ఒత్తాలి. నుదురు, ముక్కు, చెంపలు, చెవి అంచు. కింది రంగు కదలలేదు.

చివరి స్టాపులో బస్సు ఆగేది ఏడు నిమిషాలు. మొదటి రోజు ఆమెకి పదకొండు పట్టింది. నాలుగు నిమిషాలు ఆలస్యమైందని మేనేజరు నోట్ రాశాడు. ఇక రోజూ ఇంట్లో గడియారం ఎదురుగా పెట్టుకుని నా గుండు మీద సాధన. తొమ్మిది, ఏడు, ఐదు. ఆ వారంలో నా నెత్తి ఎంత మెరిసిందంటే, ఎదురొచ్చే లారీవాడు లైటు తగ్గించమని చేయి ఊపాడు. పట్టపగలు.

ఆ మూడు నెలల్లో ఆమె ఒక్క పూట తప్పలేదు. వాన మబ్బున్న రోజూ ఒత్తింది. జ్వరం తగిలిన రోజూ ఒత్తింది. నేను బడిలో రెండో ఎక్కం కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

గడువు రోజున డాక్టరమ్మ మొదటిసారి తీసిన ఫోటోని చెంప పక్కన పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. నా గుండుకి చెమట పట్టింది.

"అంగుళం పాకలేదు. అంచులు పలచబడ్డాయి కూడా. పూర్తిగా పోవడానికి టైం పడుతుంది. డ్యూటీ మానక్కర్లేదు. ఏం చేస్తున్నారో అదే చేయండి."

కోడలు తలూపింది. మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి గాలిలో గేరు మార్చడం నేను చూశాను.

ఇప్పుడు చివరి స్టాపులో ముగ్గురు ఆడ డ్రైవర్లు వరసగా నిలబడి స్పాంజీలు ఒత్తుకుంటారు. కండక్టరమ్మ కూడా చేరింది. టికెట్ గదిలో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, మేనేజరు దాని మీద గొడుగు పెట్టుకుంటున్నాడు.

మొన్న నేను ఆమె బస్సెక్కి, సరిగ్గా ఆమె వెనకున్న సీటులో కూర్చున్నాను. చివరి స్టాపు వచ్చింది. ఇంజను ఆపి, తన పని ఐదు నిమిషాల్లో ముగించుకుని, అద్దంలో నన్ను చూసి స్పాంజి ఉన్న చెయ్యి వెనక్కి చాచింది.

"మామయ్యా, గుండు" అంది.

తల వంచాను.