చెప్పకుండా వెళ్ళే మనిషి

ముక్కలు గోరంతకన్నా పెద్దవి కాకూడదు. పాండురంగయ్య బాత్‌రూము పక్కన గచ్చు మీద గొంతుక్కూర్చుని, ఉడకబెట్టిన కోడి లివరును చిన్న చాకుతో కోస్తున్నాడు. ఇవాళ శనివారం. శనివారం నాడు భార్య రావమ్మ ఇంట్లోకి నీచు రానివ్వదు. మిగతా రోజుల్లో మాత్రం ఏం రానిచ్చింది గనక! కుక్కల కోసం వండే వాటికి వేరే గిన్నె, వేరే చాకు, చివరికి చేతులు కడుక్కోవడానికి వేరే సబ్బు.

ముక్కల్ని కవర్లో పోసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు వాసన ఏ సబ్బుకూ లొంగదు. ఆయన చొక్కాల్ని రావమ్మ విడిగా నానబెడుతుంది, మొహం పక్కకు తిప్పుకుని ఉతుకుతుంది, తన చీరలకు ఆమడ దూరంలో ఆరేస్తుంది. కొండ మెట్లు దిగుతుంటే వీధికుక్కలన్నీ తోకలాడిస్తూ ఆయన వెంట పడతాయి. వాళ్ళది విజయవాడ కొండవాలున ఉన్న రెండు గదుల అద్దె ఇల్లు. అద్దె తక్కువ, మెట్లు ఎక్కువ.

నిజానికి పాండురంగయ్యకు కుక్కలంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. పెడనలో మగ్గం నేసిన మనిషి. మగ్గం కూడు పెట్టడం మానేశాక విజయవాడ వచ్చి, గవర్నర్‌పేటలో కుక్కల మేత, గొలుసులు అమ్మే షాపులో మూటలు దించే పనిలో చేరాడు. అక్కడ కుక్కలకు ట్రెయినింగ్ ఇచ్చే ఒకాయన ఉండేవాడు. ఆయనకు గొలుసు పట్టుకుని నిలబడగా నిలబడగా పని వంటబట్టింది. ఆయన హైదరాబాదు వెళ్ళిపోతే ఆ పని ఈయన నెత్తిన పడింది. అప్పట్నుంచీ కొత్తగా కుక్కను తెచ్చుకున్న వాళ్ళ ఇళ్ళకు తిరుగుతున్నాడు. కోడి ఎముకలు వెయ్యకండి, ఉల్లిపాయ పెట్టకండి, మీ కంచంలోంచి ముద్ద తీసి పెట్టకండి, పిలిచి తిట్టకండి. ఇంటింటికీ అవే మాటలు. చెప్పి చెప్పి ఆయనకే విసుగొచ్చింది.

ఎడమ భుజం సలుపుతోంది. నిన్న ఒక పెద్ద కుక్క గొలుసు గట్టిగా లాగింది, దాని పుణ్యమే అనుకున్నాడు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

గుమ్మంలో కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతున్న రావమ్మ తలెత్తేసరికి మనిషి లేడు. వెళ్ళే మనిషిని వెనకనుంచి పిలవకూడదు. అందుకని సూదితోనే అంది: "వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోతుందో!"

అది ఆ ఇంట్లో పాత తగువు. పెళ్ళయిన కొత్తలో చెప్పే వెళ్ళేవాడు. ఈ కుక్కల పనిలో పడ్డాకే చెప్పడం మానేశాడు.

* * *

పటమటలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో సుస్మిత వాళ్ళ ఫ్లాటు. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది, భర్త చక్రి తెల్లారకముందే డ్యూటీకి పోతాడు. వాళ్ళ లాబ్రడార్ పిల్ల రంగు చూసి దానికి బూరె అని పేరు పెట్టారు. కూర్చోమంటే కూర్చుంటుంది, రమ్మంటే వస్తుంది, ఇల్లు పాడు చెయ్యదు. కానీ ఒంటరిగా వదిలితే చాలు, సాయంత్రం దాకా ఏడుపే. మొరుగుడు కాదు, ఊళ. కింద ఫ్లాటు వాళ్ళు అసోసియేషన్‌కు చెప్పారు. అసోసియేషన్ వాళ్ళు చక్రికి చెప్పారు.

"నిన్న ఫోన్‌లో చెప్పానుగా, ఇవాళ కూడా అరిస్తే రేపు పంపించేద్దామంటున్నారండీ మా ఆయన," అంది సుస్మిత. ఆమె కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "ఉయ్యూరు దగ్గర మా నాన్నగారి చెరుకు తోటకి. అక్కడ మోటారు షెడ్డు దగ్గర కట్టేస్తారండీ. పలకరించే మనిషి కూడా ఉండరు."

"ఎట్లా బయల్దేరుతున్నారో ఒకసారి చేసి చూపించమ్మా," అన్నాడు పాండురంగయ్య.

ఆమె బ్యాగు తగిలించుకుంది. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కుక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వెళ్ళొస్తా నాన్నా, అమ్మ తొందరగా వచ్చేస్తదిగా? వెళ్ళొస్తా. వెళ్ళొస్తానే బంగారం." మూడోసారి అనేసరికి బూరె చెవులు వెనక్కి వాలాయి. గొంతులోంచి సన్నగా మూలుగు మొదలైంది.

"అదేనమ్మా. ఆ మాట అనకుండా వెళ్ళాలి."

సుస్మిత బిత్తరపోయింది. "చెప్పకుండా ఎలా వెళ్తానండీ? మా నానమ్మయితే తులసికోటకి కూడా చెప్పి వెళ్ళేది. చెప్పకుండా వెళ్తే మంచిది కాదంటారు."

"మనకి వస్తామనే మాట వినబడుద్దమ్మా. దానికి మీరు పోవడమే కనబడుద్ది. ఆ మాట వినబడ్డ రోజల్లా పొద్దుగూకేదాకా ఒంటరి. ఇంక ఏడవక ఏం చేస్తది?"

ఆమె విడిచేసిన బట్ట ఒకటి తెమ్మన్నాడు. ఆమె బీరువాలోంచి ఇస్త్రీ చున్నీ తెచ్చింది. "ఉతికింది కాదమ్మా, మీరు వేసుకుని విడిచింది." నిన్నటి చున్నీ తెచ్చి ఇచ్చింది. దాన్ని కిటికీ పక్కన పరిచి, మడతల్లో లివరు ముక్కలు దాచాడు. "ఆ వాసన ఉన్నంతసేపూ మీరు ఇంట్లో ఉన్నట్టే దానికి. వాసన పోతే ఇంకోటి మార్చండి."

బూరె ముక్కు చున్నీలోకి దూరింది. పాండురంగయ్య ముందు బయటికి వచ్చాడు. వెనకే సుస్మిత, పెదవులు గట్టిగా బిగించుకుని, వెనక్కి తిరక్కుండా తలుపు దగ్గరికి లాగింది. లిఫ్టు దాకా వచ్చాక ఏడ్చేసింది.

"లోపల్లోపల అనుకున్నానండీ. పర్లేదా?"

"లోపల అనుకోవచ్చమ్మా. నేనూ అంతే. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది నాకు. మా ఆవిడకి పైకి చెప్పడం ఎప్పుడో పోయింది. మెట్లు దిగుతా రోజూ లోపల అనుకుంటా."

కిందికొచ్చి వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు. సుస్మిత స్కూటీ పక్కన నిలబడి మూడో అంతస్తు కిటికీకేసి చూస్తోంది. పైనుంచి ఒక ఊళ వినబడింది. ఆమె చెయ్యి నోటికి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది, సగంలో ఆగిపోయింది. తర్వాత వీధిలో ఆటోల మోత తప్ప ఇంకేం లేదు. వాళ్ళు చాలాసేపు అట్లాగే విన్నారు. చివరికి ఆమె ఫోన్‌లో ఇంట్లో కెమెరా తెరిచి చూసి, ఆయన ముందు పెట్టింది. బూరె చున్నీ మీద గడ్డం ఆన్చి పడుకుంది.

"రేపు కూడా రండి, పాండురంగయ్యగారూ."

"వద్దమ్మా. నేనొస్తే ఇంక నాకోసం చూట్టం మొదలెడుద్ది. పని అయిపోయాక మేం రాకూడదు."

ఆమె వెళ్ళిపోయాక కూడా ఆయన లేవలేదు. చెమట పట్టింది. వాచ్‌మన్ మంచినీళ్ళు ఇస్తే తాగాడు. సంతోషంగానే ఉంది, కానీ ఆ సంతోషం మొహందాకా రావడానికి ఓపిక చాలలేదు.

* * *

మధ్యాహ్నం కొండ మెట్లు ఎక్కుతూ సగంలో కూలబడ్డాడు. వీధికుక్కలు చుట్టూ చేరాయి. ఎప్పుడూ అదిలించి పంపేవాడు, ఇవాళ జేబులో మిగిలిన ముక్కలు వాటికే వేసేశాడు.

ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. నవారు మంచం మీద వాలాడు.

"తోటకి పంపుతారన్నారే, ఏమైందండీ ఆ కుక్క?" అంది రావమ్మ.

"ఉంటదిలే. చెప్పకుండా వెళ్ళమన్నా. వెళ్ళింది. అరవలా."

"కుక్కకైతే సరే. మరి నేనేం చేశానండీ? పొద్దున కూడా చెప్పకుండానే పోయారు."

ఆయన నవ్వాడు. "రేపట్నుంచి చెప్తాలే. కాస్త టీ పెట్టు."

ఆమె టీ పెట్టి, ఆయనకిష్టమని నాలుగు అల్లం ముక్కలు ఎక్కువ దంచి వేసి, గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుక్కుంటూ అలా చాలాసేపు నిలబడిపోయింది.

* * *

పెద్దకర్మ అయిన మర్నాడు సుస్మిత వచ్చింది. షాపులో అడిగి ఇల్లు తెలుసుకుందట. మైలవరం నుంచి వచ్చిన కూతురు ఆయన బట్టలు ఎవరికన్నా ఇచ్చేయడానికి మూట కడుతోంది. రావమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది.

"ఆ కుక్క ఎట్లా ఉందమ్మా?" అని అడిగింది.

"బానే ఉందండీ. మా దగ్గరే ఉంది."

"ఏం నేర్పేవారో ఏమో. నాకెప్పుడూ చెప్పలా. అసలు వెళ్ళొస్తానని కూడా చెప్పని మనిషి. ఆఖరికి కూడా..." రావమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"లోపల అనుకునేవారటండీ," అంది సుస్మిత. "మెట్లు దిగుతా రోజూ అనుకుంటానని ఆయనే నాతో అన్నారు."

రావమ్మ నోటికడ్డంగా ఉన్న కొంగు తీసింది. అసలు దాన్ని ఏడవకుండా ఎట్లా ఆపారని అడిగింది. సుస్మిత చున్నీ సంగతి చెప్పింది. ఉతకని బట్ట ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే అనుకుంటుందని చెప్పింది.

"మరి వాసన పోతే?"

"ఇంకోటి మార్చమన్నారండీ," అనేసి సుస్మిత ఠక్కున ఆగిపోయింది.

సుస్మిత వెళ్ళాక కూతురు మేకు దగ్గరికి వచ్చింది. "ఇదొక్కటి ఉండిపోయిందమ్మా. కంపు కొడుతోంది. ఉతికి మూటలో పెట్టేస్తా."

"ముట్టుకోకు," అంది రావమ్మ.

గోడ మీద సన్నని చీమల బారు ఒకటి మేకు దాకా పాకి, చొక్కా ఎడమ జేబులోకి దిగుతోంది.